ఉత్తరం దిక్కు పొరుగు

ఒకరు వికారాబాద్‌లో ఉంటారు. జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. రెండోవారు ఆయన బామ్మర్ది, తాండూరులో కందిపప్పు మిల్లు నడుపుతారు. బామ్మర్ది కూతురు మెల్‌బోర్న్‌లో నర్సు. ఇప్పుడు లెక్చరర్ గారి మనవరాలికి కూడా అక్కడే మాస్టర్స్‌లో సీటొచ్చింది. ఆ పిల్లను పంపాలా వద్దా అని మొదలైన మాట, ఆస్ట్రేలియా వాళ్లు తమకు ఉత్తరాన ఉన్న ఆసియాను ఇన్నేళ్లుగా ఏ కంటితో చూస్తూ వచ్చారన్న వాదంగా మారింది. ఇద్దరూ తెలిసి మాట్లాడేవాళ్లే. ఇద్దరికీ ఈ విషయంలో పట్టుదల ఉంది. అందుకే వాళ్ల మాటలు వాళ్ల యాసలోనే ఇస్తున్నాను. చెప్పక తప్పదనిపించిన చోట నా మాట కలిపాను.

బామ్మర్ది: బావా, పిల్ల ప్రయాణానికి నువ్వే అడ్డం పడుతున్నవని అక్క ఫోన్ జేసింది. నా బిడ్డ ఏండ్ల సంది అక్కడి దవాఖానల పని చేస్తున్నది. తెల్లోళ్ల ముసలోళ్లు దాని చెయ్యి పట్టుకుని నడుస్తరు. ఇంకా ఏం అనుమానం నీకు?

బావ: అడ్డం పడలే. ఎవలింటికి పోతున్నమో తెలుసుకుని పొమ్మన్న, గంతే. చెయ్యి పట్టుకునేటోడు వేరు, చట్టం రాసేటోడు వేరు. 1901 జనవరి ఒకటిన ఆరు వలస రాజ్యాలు కలిసి ఆస్ట్రేలియా ఒక్క దేశమైంది. కొత్త పార్లమెంటు మొదటి ఏడాదిల్నే చేసిన చట్టం ఇమిగ్రేషన్ రిస్ట్రిక్షన్ యాక్ట్. అండ్ల రంగు మాట లేదు, ఆసియా పేరు లేదు. ఓడ దిగినోనికి అధికారి యాభై మాటల పేరా చదివి వినిపిస్తడు, వీడు తప్పు లేకుండ రాయాలె. ఏ భాషల? యూరప్ భాషల్ల ఏదైనా సరే. ఇంగ్లీషు వస్తదని తెలిస్తే ఇంకో భాషల చదువుతరు. 1909 తర్వాత ఆ పరీక్ష పాసైనోడు ఒక్కడు లేడు. పాస్ కావద్దనే పెట్టిన పరీక్ష అది.

బామ్మర్ది: 1958ల తీసేసిన్రు గదా దాన్ని.

బావ: తీసేసిన్రు. యాభై ఏడేండ్ల తర్వాత.

బామ్మర్ది: అసలు ఎందుకు పెట్టిన్రో అది గూడ చెప్పు. నువ్వు ద్వేషం అంటవు. నేను కూలి రేటు అంట. బంగారు గనులల్లకు చీనా వాళ్లు వచ్చిన్రు. క్వీన్స్‌లాండ్ చెరకు తోటల దొరలు పసిఫిక్ దీవుల నుంచి అరవై వేల మందిని ఓడల్ల తెచ్చిన్రు. ఎవడు తెచ్చిండు? పెట్టుబడి పెట్టినోడు తెచ్చిండు. ఎవడు వద్దన్నడు? కూలి యూనియన్ వద్దన్నది. తక్కువకు చేసేటోడు పక్కన నిలబడితే నా కూలి పడిపోతదని ఎవడైన అనుకుంటడు. తాండూరు నాపరాయి గనులల్ల గూడ గదే లొల్లి.

బావ: కూలి భయం ఉన్నది, కాదనను. గాని అది సగమే. 1855లనే విక్టోరియా వలస రాజ్యం ఓడ దిగే ఒక్కొక్క చీనా మనిషి మీద పది పౌండ్ల పన్ను వేసింది. కూలి మీద కాదు, మనిషి మీద. ఆ పన్ను కట్టలేక వేల మంది పక్క రాజ్యంల రోబ్ అనే చిన్న రేవుల దిగి, నాలుగు వందల కిలోమీటర్ల పైన నడిచి గనులకు చేరిన్రు. 1861ల లాంబింగ్ ఫ్లాట్ దగ్గర తెల్ల గని కార్మికులు వాళ్ల డేరాలు కాలబెట్టి, కొట్టి తరిమిన్రు. ఆ చీనా వాళ్లు ఎవని కింద కూలికి లేరు. తమ కోసం తాము తవ్వుకుంటున్నరు, చాలామంది తెల్లోళ్లు వదిలిపెట్టిపోయిన మట్టినే మళ్ల కడుగుతున్నరు.

బామ్మర్ది: తెలియనితనం బావా. సముద్రం నడుమ ఉన్నది. మనం చూడు, తాండూరు 1956 దాక గుల్బర్గా జిల్లల ఉండె. నవంబర్ ఒకటిన గీత మారింది, మనం హైదరాబాద్ జిల్లలకొచ్చినం. సేడం, చించోళి వాళ్లు పక్క రాష్ట్రపోళ్లయిన్రు. ఏమన్న మారిందా? కంది బండ్లు వస్తనే ఉన్నయి, పిల్లనిచ్చుడు తెచ్చుకునుడు నడుస్తనే ఉన్నది, మా మిల్లుల కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ నడుస్తయి. రోజూ మొఖం చూసుకునేటోళ్లకు భయం ఉండది. వాళ్లకు ఆసియా మొఖం చూసే అవకాశమే లేకుండె.

బావ: చూసినోడే ముందు నిలబడ్డడు, అదే నా బాధ. ఆల్ఫ్రెడ్ డీకిన్ ఉన్నడు గదా, ఆ చట్టానికి వకాల్తా పట్టిన అటార్నీ జనరల్, తర్వాత ప్రధాని. ఆయన చట్టానికి పదేండ్ల ముందే హిందుస్తాన్ వచ్చి మన కాలువలు, ఆనకట్టలు తిరిగి చూసి 1893ల పుస్తకం రాసిండు. గుళ్ల మీద, గోరీల మీద ఇంకోటి రాసిండు. తెలియనోడు కాదు. మెచ్చుకున్నోడు. ఆయన 1901 సెప్టెంబర్‌ల పార్లమెంటుల ఏమన్నడు? ఈ పరాయి జాతుల చెడ్డ గుణాలు కాదు, మంచి గుణాలే మనకు ప్రమాదమన్నడు. అలుపెరుగని పని, ఓర్పు, తక్కువ ఖర్చుల బతుకుడు. అంటే ఆసియావోడు చెడ్డోడైనా వద్దు, మంచోడైతే అసలే వద్దు. ఇంక వాడు ఏ దారిల మెప్పియ్యాలె?

ఈ మాట దగ్గర బామ్మర్ది కాసేపు ఏమీ అనలేదు. డీకిన్ ఆలోచనలోని ఈ ముడిని చాలామంది పట్టించుకోరు. ఆసియా వాళ్లను నాసిరకమని తీసిపారేసిన ఆస్ట్రేలియన్లు చాలామందే ఉన్నారు. ‘బులెటిన్’ పత్రిక 1908 నుంచి 1960 దాకా తెల్లవాడి కోసమే ఆస్ట్రేలియా అన్న నినాదాన్ని తల మీద మోసింది. కానీ చట్టం రాసినవాళ్లలో పెద్దలు మాత్రం మనల్ని సమర్థులుగా గుర్తించే తలుపు వేశారు. పోటీకి భయపడ్డవాడి చూపు, చిన్నచూపు కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. ఎందుకంటే అవతలివాడు బాగుపడే కొద్దీ అది పెరుగుతుంది.

బామ్మర్ది: సరే, నువ్వే చెప్పు. 1952ల మన పిల్లలు హైదరాబాద్ వీధులల్ల నాన్ ముల్కీ గో బ్యాక్, ఇడ్లీ సాంబార్ గో బ్యాక్ అన్నరు. సిటీ కాలేజీ దగ్గర కాల్పులైనయి, పిల్లలు సచ్చిపోయిన్రు. 1969ల మళ్ల లేచింది. బయటోడు చదువుకుని వచ్చి మా కొలువులు పట్టుకపోతున్నడన్న బాధే గదా అది గూడ. డీకిన్ బాధకు, ఈ బాధకు ఏం తేడా? మన నోట వస్తే ఆత్మగౌరవం, వాళ్ల నోట వస్తే జాతి అహంకారమా?

బావ: అడగాల్సిన మాటే అడిగినవు. తేడా ఉన్నది, విను. నిజాం 1919ల ఇచ్చిన ముల్కీ ఫర్మానా చదువు. ఇక్కడ పుట్టినోడు ముల్కీ. బయటినుంచి వచ్చి పదిహేనేండ్లు ఉండి, ఇంక తిరిగి పోనని రాసిస్తే వాడూ ముల్కీయే. రక్తం అడగలే, రంగు అడగలే, ఇన్నేండ్లు ఉన్నవా అని అడిగిన్రు. ఆస్ట్రేలియాల ముప్పై ఏండ్ల సంది ఊరూరు తిరిగి గుడ్డలమ్ముకునే పంజాబీ హాకరు తన పెండ్లాన్ని తెచ్చుకోలేకపోయిండు. 1918ల లండన్‌ల సామ్రాజ్య సమావేశం పెట్టి ఒప్పుకుంటేనే అది సాధ్యమైంది. ఇంకోటి, ముల్కీ ఉద్యమం చేసినోడు ఆ నేల మీద తరతరాలుగా ఉన్నోడు, చదువుల వెనకబడ్డోడు. మరి వాళ్లు? ఆ నేల ఆదివాసులది. 1902ల ఓటు చట్టం జేసి ఆడోళ్లకు ఓటిచ్చిన్రు, లోకం మెచ్చుకున్నది. అదే చట్టంల ఆస్ట్రేలియా ఆదివాసికి, ఆసియావోనికి, ఆఫ్రికావోనికి, పసిఫిక్ దీవులోనికి ఓటు లేదన్నరు. ఇల్లు గుంజుకున్నోడు వాకిట్ల నిలబడి ఎవడూ రావద్దు అనుడది.

బామ్మర్ది: ఉన్నోళ్లకొక హక్కు, లేనోళ్లకొక హక్కు అని నువ్వు గీత గీస్తున్నవు. ఆ గొడవలల్ల తిట్లు తిన్న గుంటూరు గుమాస్తాకు ఆ గీత కనబడ్డదా? వాడు గూడ పేదోడే.

బావ: కనబడలే. ఆ గుమాస్తా పట్ల తప్పు జరిగింది. అది నేను దాచను.

నాకు లెక్చరర్ గారి వాదమే బలంగా అనిపించింది. నివాసాన్ని అడిగే నియమానికి ఒక అంతం ఉంది. పుట్టుకను అడిగే నియమానికి అంతం లేదు. కానీ బామ్మర్ది లేవనెత్తిన గుమాస్తా నా మనసులోంచి పోలేదు. తర్వాత మాట ఫిజీకి మళ్లింది. ఈ విషయం తెలుగువాళ్లు మాట్లాడుకునేది చాలా తక్కువ.

బావ: నువ్వు కూలి రేటు అన్నవు గదా. అయితే తెలుగు కూలి సంగతి చెప్త. 1879 నుంచి 1916 దాక అరవై వేల మందికి పైగా హిందుస్తానీలు గిర్మిట్ మీద, అంటే కూలి ఒప్పందం మీద, ఫిజీ పోయిన్రు. 1903 సంది మద్రాసు నుంచి గూడ ఓడలు పోయినయి. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాలోళ్లు, తమిళ జిల్లాలోళ్లు, మలబారోళ్లు. మన నిజాం ఇలాకా వాళ్లు కాదు, సర్కారు జిల్లాలోళ్లు. పోయిన మొత్తంల నాలుగోవంతు దక్షిణాదోళ్లే. వాళ్లు ఎవని చెరకు నరికిన్రు?

బామ్మర్ది: ఇంగ్లీషోళ్ల చెరకు.

బావ: అందరూ అట్లనే అనుకుంటరు. ఫిజీ ఇంగ్లీషోళ్ల వలస రాజ్యమే, నిజమే. చెరకు మాత్రం సి.ఎస్.ఆర్. కంపెనీది. కొలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ. హెడ్డాఫీసు సిడ్నీల. 1880లల్ల ఫిజీల అడుగు పెట్టి, మిల్లులన్నీ చేతిల పెట్టుకున్నది. అయిదేండ్ల గిర్మిట్. రోజుకు మొగోనికి ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు, అదీ ఇచ్చిన పని మొత్తం చేస్తేనే. ఉండనీకి లైన్లు, పదడుగుల పొడుగు, ఏడడుగుల వెడల్పు అర్ర. అండ్ల ముగ్గురు మొగోళ్లు, లేకుంటే ఒక కుటుంబం. అర్రకు అర్రకు నడుమ గోడ గూడ కప్పు దాక ఉండది. పని కొలిచేది ఓవర్సీర్లు, వాళ్లల్ల ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పడుచు పోరగాళ్లు మస్తుమంది. ఉరేసుకుని సచ్చినోళ్ల లెక్క చూసి సి.ఎఫ్. ఆండ్రూస్, పియర్సన్ 1915ల ఫిజీ పోయి రిపోర్టు రాసిన్రు. ఇక్కడ దేశమంతా అగ్గైంది. 1916ల కొత్త ఓడలు ఆగినయి, 1920 జనవరి ఒకటిన మిగిలిన గిర్మిట్లన్ని రద్దయినయి.

బామ్మర్ది: ఇందుల ఆస్ట్రేలియా చూపు ఏమున్నది? కంపెనీ చూపు ఉన్నది.

బావ: రెండూ ఒక్క కాలంలనే ఉన్నయి, అక్కడ చూడు. 1901ల క్వీన్స్‌లాండ్ చెరకు తోటల నుంచి పసిఫిక్ దీవులోళ్లను పంపించనీకి చట్టం చేసిన్రు. చెరకు తెల్లోని చేతితోనే పండాలె అని తెల్ల కూలీలను పెట్టుకున్న చెరకు రైతులకు బోనస్ ఇచ్చిన్రు. మా దేశంల ఆసియా మనిషి అడుగు పెట్టొద్దు అన్నరు. రెండు వేల మైళ్ల అవతల దీవిల అదే ఆసియా మనిషి నరికిన చెరకు మీద లాభం మాత్రం సిడ్నీ షేర్‌హోల్డర్లకు చేరింది. మన మనిషిని చూడకుండ మన కష్టాన్ని తీసుకున్నరు. పొరుగు అంటే వాళ్లకు అది. విజయవాడల కూసుని రాసినోళ్లు గూడ బొంబాయి, రంగూన్, మారిషస్ అంటరు గాని ఫిజీ అంటే సిడ్నీ అని యాది చేసుకోరు.

బామ్మర్ది: నువ్విచ్చిన పుస్తకంలనే ఇంకో మాట ఉన్నది, అది విడిచిపెట్టినవు. ఫిజీల ఆడకూలోళ్ల బాధ విని ఆస్ట్రేలియా ఆడోళ్ల సంఘాలన్ని కలిసి ఫ్లోరెన్స్ గార్న్‌హమ్ అనే ఆమెను విచారణకు పంపినయి. ఆమె లైన్లల్ల తిరిగి 1918ల రిపోర్టు ఇచ్చింది, ఉన్నదున్నట్టు రాసింది. తమ దేశపు కంపెనీ మీద తమ ఆడోళ్లే లేచిన్రు. అది గూడ ఆస్ట్రేలియానే గదా? సిడ్నీ అంటే షేర్‌హోల్డర్లేనా?

బావ: కాదు. ఆమె ఉన్నది. అంతకు ముందు గల్లిపోలిల గూడ అట్లాంటి ఆస్ట్రేలియా ఉన్నది. 1915ల ఆ కొండల మీద మన కంచరగాడిదల దళం వాళ్లు గుండ్ల వానల నీళ్లు, తూటాలు మోసుకపోయి ఆస్ట్రేలియా సిపాయిలకు అందించిన్రు. వాళ్లు వీళ్లు కలిసి రొట్టెలు తిన్నరు, ఫొటోలు దిగిన్రు. ఆ దోస్తీ నిజం. అయితే నాలుగేండ్లు కాంగనే, 1919ల పారిస్‌ల, జాతులన్ని సమానమన్న ఒక్క వాక్యం నానాజాతి సమితి ఒప్పందంల పెట్టమని జపాన్ అడిగితే, గట్టిగ అడ్డం పడ్డది ఎవడు? ఆస్ట్రేలియా ప్రధాని బిల్లీ హ్యూస్. ఎక్కువ ఓట్లు జపాన్ దిక్కే పడ్డయి, అయినా అమెరికా అధ్యక్షుడు విల్సన్ అది చెల్లదన్నడు. సిపాయి దగ్గరికొస్తడు, సర్కారు దూరం పోతది. ప్రతిసారీ గిదే.

బామ్మర్ది: ప్రతిసారీ కాదు. 1942ల ఏమైంది? ఫిబ్రవరి 15న సింగపూర్ పడ్డది. నాలుగు రోజులకు డార్విన్ మీద జపాన్ బాంబులు పడ్డయి. జపానోళ్ల చేతిల ఇరవై రెండు వేల మంది ఆస్ట్రేలియన్లు ఖైదీలైన్రు, ఎనిమిది వేల మంది సచ్చిన్రు. మూడిండ్ల ఒకడు. ఉత్తరం నుంచి వస్తరు, వస్తరు అని భయపడ్డోని ఇంటి మీద నిజంగనే వచ్చి పడ్డరు. ఆ తరానికి ఆసియా అంటే ఏం గుర్తుకొస్తది, చెప్పు? గట్లాంటోళ్లు యుద్ధం అయిపోయినంక పన్నెండేండ్లకే, 1957ల, అదే జపాన్‌తోని వ్యాపార ఒప్పందం చేసుకున్నరు. ఉన్ని అమ్మిన్రు, ఇనుపరాయి అమ్మిన్రు. పదేండ్లు తిరిగేసరికి జపానే వాళ్ల అందరికన్న పెద్ద గిరాకి. మనమైతే గంత తొందరగ మరిచిపోదుమా?

బావ: అవసరం మరిపించింది. ఇంగ్లండ్ యూరప్ దిక్కు తిరిగింది, కొనేటోడు కావాలె.

బామ్మర్ది: అవసరం మరిపిస్తే తప్పేంది బావా? నేను వ్యాపారిని. కొనేటోడు, అమ్మేటోడు ముందు లెక్క కోసం కూసుంటరు, తర్వాత ఇంట్ల పెండ్లికి పిలుస్తరు. ఆస్ట్రేలియా శనగలు మన దేశానికి ఎంత వస్తయో నీకు తెలుసు. 2017 డిసెంబర్‌ల మన సర్కారు ముప్పై శాతం సుంకం వేసింది, మూడు నెలలకే అరవై చేసింది. అక్కడి రైతు విత్తనం వేసే ముందు ఢిల్లీల ఏమంటరో అని రేడియో వింటున్నడు. నూరేండ్ల కింద మనల్ని ఓడ దిగనియ్యనోడు ఇయ్యాల మన మంత్రి మాట కోసం చూస్తున్నడు. 2022ల రెండు దేశాలు వ్యాపార ఒప్పందం చేసుకున్నయి, ఆ ఏడాది డిసెంబర్ 29 నుంచి అమలైంది. మన తాండూరు కందికి జి.ఐ. గుర్తింపు వచ్చింది గూడ అదే ఏడాది. రెండు దిక్కుల రైతులు ఒకరి ధర ఒకరు చూస్తున్నరు. దీనికి మించిన పొరుగు ఏముంటది?

బావ: ధర చూసుడు మనిషిని చూసుడు కాదు. మన దగ్గర నుంచి పోయి వాళ్ల దగ్గర భూమి కొన్నోని సంగతి చెప్త. ముకర్రం జా, మన ఎనిమిదో నిజాం. 1970లల్ల పడమటి ఆస్ట్రేలియాల కల్‌బారి దగ్గర ముర్చిసన్ హౌస్ స్టేషన్ అనే గొర్రెల భూమి కొన్నడు. లక్షల ఎకరాలు. ప్యాలెస్ విడిచి అక్కడ బుల్డోజర్ నడిపిండు, ఆస్ట్రేలియా పిల్లను పెండ్లి చేసుకున్నడు. ఎవ్వడూ యాభై మాటలు రాయమనలే. గోల్కొండ నగలున్నోనికి ఎప్పుడూ తలుపు తీసే ఉంటది. చీనా తోటమాలికి, గిర్మిట్ తెలుగోనికి ఏ ఏడాదిల తీసిన్రో అది చెప్పు.

బామ్మర్ది: 1966ల సగం తీసిన్రు, 1973ల పూర్తిగ తీసిన్రు. విట్‌లామ్ సర్కారు. 1975ల జాతి వివక్ష మీద చట్టం తెచ్చిన్రు. 1976ల వియత్నాం నుంచి అయిదుగురు చిన్న పడవల డార్విన్ రేవుకు వస్తే వాపస్ తోలలే. ఆ తర్వాత ఫ్రేజర్ సర్కారు వేల మందిని తీసుకున్నది. ఆయన విట్‌లామ్‌కు విరోధి పార్టీ. ఒక పార్టీ చట్టాన్ని ఇంకో పార్టీ నిలబెట్టింది. ఎవడు వత్తిడి చేసిండు వాళ్లను? ఇంకోటి, సి.ఎస్.ఆర్. గూడ ఫిజీ నుంచి తట్టాబుట్ట సర్దుకున్నది 1973లనే.

బావ: చట్టాలు వాటంతట అవి కాలే. నడుమ మనుషులున్నరు. 1945ల డచ్చోళ్లు ఇండోనేషియాను మళ్ల పట్టుకోనీకి ఆస్ట్రేలియా రేవుల నుంచి ఓడలు పంపబోతే సిడ్నీ, బ్రిస్బేన్ హమాలీలు సామాను ఎక్కియ్యం అన్నరు. మన హిందుస్తానీ ఖలాసీలు గూడ ఓడ దిగి వాళ్లతోని నిలబడ్డరు. ఆ యూనియన్లు ఏ యూనియన్లు? నిన్నటి దాక తెల్లోళ్ల ఆస్ట్రేలియా కావాలె అన్నవే. నాకు ఆ ముచ్చట చదివినప్పుడల్ల ఛాతి ఉప్పొంగుతది.

బామ్మర్ది: ఆగు బావా. ఇప్పుడు నువ్వు నా దిక్కు వాదిస్తున్నవు.

బావ: నిజం ఎవల దిక్కున్నా చెప్పాలె గదా. 1949ల యానీ ఓకీఫ్ అని ఇండోనేషియా ఆమె, యుద్ధంల కాందిశీకురాలుగా వచ్చింది, భర్త జపాన్ మీది యుద్ధంల సచ్చిండు, ఆస్ట్రేలియా మనిషిని చేసుకున్నది. మంత్రి కాల్వెల్ వెళ్లగొడ్తనంటే ఆమె హైకోర్టుకు పోయి గెలిచింది. ఊరోళ్లు, పత్రికలు ఆమె దిక్కే నిలబడ్డయి. కొలంబో ప్లాన్ కింద 1950ల సంది ఆసియా పిల్లలు చదువుకు పోయిన్రు. మొత్తం ఇరవై వేల మంది దాక. వాళ్లకు అర్ర కిరాయికిచ్చిన ముసలవ్వలు, పక్కన కూసున్న క్లాసు పిల్లలు, వాళ్ల వల్లనే చట్టం మెత్తబడ్డది. నేను అంటున్నది ఒక్కటే. వాళ్లకు ఆసియా మనిషి ఒక్కడొక్కడుగ కనబడ్డప్పుడల్ల చూపు మారింది. లెక్కగ కనబడ్డప్పుడల్ల పాత భయం లేచింది. 1984ల బ్లెయినీ ప్రొఫెసర్, 1996ల పార్లమెంటుల పాలిన్ హాన్సన్, వాళ్ల మాటల్ల మనిషి ఉండడు, గుంపు ఉంటది. ముంచేస్తరు, నిండిపోతున్నరు, గిదే భాష. ఇయ్యాల ఆ లెక్క మనది. 2021 జనాభా లెక్కల్ల హిందుస్తాన్‌ల పుట్టినోళ్లు ఆరు లక్షల డెబ్బై మూడు వేలు, ఇంగ్లండ్ తర్వాత మనమే. ఇంట్ల తెలుగు మాట్లాడేటోళ్లు 2016ల ముప్పై నాలుగు వేలుంటే అయిదేండ్లల్ల యాభై తొమ్మిది వేలైన్రు. 2025 ఆగస్టు 31న వలసలు వద్దని ఊరూరా ర్యాలీలు తీసినప్పుడు పంచిన కరపత్రాల్ల హిందుస్తానీల పేరు పెట్టి రాసిన్రు. ఇదివరకు చీనా వాళ్ల పేరుండే చోట మన పేరు పడ్డది. నా మనవరాలు పోయేది ఆ కాలంల.

బామ్మర్ది: ఆ ర్యాలీలను వాళ్ల సర్కారే తప్పన్నది, అది గూడ చెప్పు. 2009 మేల మన ఆంధ్రా పిల్లగాన్ని మెల్‌బోర్న్‌ల స్క్రూడ్రైవర్‌తోని పొడిస్తే, నెల తిరగకముందే వేల మంది పిల్లలు నడివీధిల కూసున్నరు. నేను ఆ ఫొటో చూసి నిద్రపోలే. అయినా తర్వాత బిడ్డను పంపిన. ఎందుకంటవా? మా మిల్లుల బీహార్ పిల్లలున్నరు, పాలిషింగ్ యూనిట్లల్ల ఇంకెందరో. ఊర్ల దొంగతనమైతే ముందు వాళ్ల అర్రలే వెతుకుతరు. కిరాయికి ఇల్లు అడిగితే ఇయ్యరు. వాళ్లకు పేర్లున్నయి, మనం బిహారీ అనే అంటం. మన కోడంగల్, బషీరాబాద్ తండాలోళ్లు బొంబాయికి, పూణేకు బతకపోయి, బ్రిడ్జిల కింద పండుకుని, మద్రాసీ అనిపించుకుని వచ్చినోళ్లే. కామాటిపురా పేరు వచ్చింది మన తెలుగు కామాటీల మీదనే. ఆ బాధ తెలిసిన ఊరు గూడ బయటోన్ని గిట్ల చూస్తున్నది. అందుకే ఆస్ట్రేలియాను అడిగే ముందు నాకు నోరు రాదు.

బావ: నోరు రావాలె. అక్కడా అడగాలె, తాండూరులా అడగాలె. ఒక తప్పు ఇంకో తప్పును మాఫీ చెయ్యది.

బామ్మర్ది: నేను మాఫీ అనలే. చట్టం ఉన్న చోట అడగొచ్చు అంటున్న. నా బిడ్డను ఒకసారి వార్డుల ఒక రోగి తిట్టిండు. పై ఆమెకు చెప్పింది, రాసిచ్చింది, విచారణ అయింది. మా మిల్లుల పిల్లగాడు ఎవనికి రాసియ్యాలె? 1973ల తలుపు తీసింది అవసరం కోసమే కావచ్చు, తీసినంక మాత్రం లోపలికి పోయినోడు నిలబడనీకి జాగ దొరికింది. నా బిడ్డకు పౌరసత్వం వచ్చింది. 2025 మే ఎన్నికల్ల ఓటేసి ఫొటో పంపింది.

ఇక్కడ నేను ఆగి చెప్పాల్సింది ఉంది. వాదంలో ఇద్దరూ గెలిచారని సర్దుబాటు చేయడం నాకిష్టం లేదు. ఆస్ట్రేలియా చరిత్ర చదివినంతలో లెక్చరర్ గారు పట్టుకున్న తీగే నిజమైనదని నా నమ్మకం. భయం గుంపును చూసి లేస్తుంది, అది ఇప్పటికీ చావలేదు. విద్యార్థి వీసా రుసుము 2024 జూలైలో 710 డాలర్ల నుంచి 1,600కు, మరుసటి ఏడాది 2,000కు పెరగడం, వచ్చే విద్యార్థుల సంఖ్యకు పరిమితి పెట్టడం, వీటి వెనక ఇళ్ల కొరత లాంటి నిజమైన కారణాలున్నా, ఓటరుకు చెప్పే కారణం మాత్రం లెక్కే. కానీ మిల్లు యజమాని చెప్పిన చట్టం సంగతిని తేలిగ్గా తీసుకునేవాళ్లు, చట్టం లేని రోజుల్లో ఆ దేశంలో ఒంటరిగా నిలబడ్డ మన మనుషుల్ని మరిచిపోయినట్టే.

బావ: ఓటేసిందా? మంచిది. ఆ ఓటు ఎట్ల వచ్చిందో దానికి తెలుసా? 1922ల మన సర్కారు తరఫున శ్రీనివాస శాస్త్రి ఆస్ట్రేలియా పోయి ఊరూరు తిరిగి ఉపన్యాసాలిచ్చిండు, అక్కడున్న హిందుస్తానీలకు ఓటియ్యమని. ప్రధానులు సరే సరే అన్నరు, పని కాలే. మెల్‌బోర్న్‌ల మిట్టా బుల్లోష్ అని ఒక హిందుస్తానీ ఉండె. నా పేరు ఓటరు లిస్టుల ఎందుకు ఎక్కియ్యరని 1924ల కోర్టుకెక్కి గెలిచిండు. సర్కారు మొదలు పై కోర్టుకు పోయింది, తర్వాత 1925ల చట్టమే మార్చింది. బ్రిటిష్ ఇండియాల పుట్టినోళ్లకు ఓటు వచ్చింది. అప్పుడు ఆ దేశంల హిందుస్తానీలు కొన్ని వేల మందే. చీనా వాళ్లకు అప్పుడు గూడ రాలే. ఆదివాసులకు 1962ల వచ్చింది.

బామ్మర్ది: మెల్‌బోర్న్‌లనేనా? నా బిడ్డకు తెలవది. నాకూ తెలవకుండె.

బావ: మనవరాలికి గూడ తెలవది. అడ్మిషన్ కాగితాలు, బ్యాంకు కాగితాలు అన్నీ తెచ్చింది నా దగ్గరికి, సంతకం పెట్టమని. రెండు రోజులు ఆగమన్న. గిది చెప్పనీకే ఆగమన్న, ఆపనీకి కాదు. గిర్మిట్ మీద పోయిన తెలుగోళ్ల మునిమనవలు 1987ల ఫిజీల సైన్యం సర్కారును పడగొట్టినంక అక్కడికెల్లి సిడ్నీకి వచ్చిన్రు. వాళ్ల పెద్దోళ్లను ఒకప్పుడు అడుగు పెట్టనియ్యని దేశమే. వాళ్లల్ల ఎవరన్న క్లాసుల కలుస్తే నువ్వు ఏ ఊరుదానివని అడుగుతరు. తాండూరు, వికారాబాద్ అని చెప్పి ఊకోవద్దు, మీ ముత్తాత ఏ ఊరోడు అని ఇది గూడ తిరిగి అడగాలె.

బామ్మర్ది: అడుగుతది. శుక్రవారం సంతకానికి నేను గూడ వస్త. బ్యాంకు మేనేజర్ నాకు తెలిసినోడే.